తగువులక్క రాణి వేషం

మా తగువులక్క ఎవరో ఒకరితో పోట్లాడకుండా స్టేజి ఎక్కగా నేను చూడలేదు. కొందరు నటులు తెర లేచే ముందు కళ్ళు మూసుకుని కూర్చుంటారు. కొందరు గోరువెచ్చని నీళ్ళు తాగుతారు. కొందరు అద్దంలో తమని తాము చూసుకుని తృప్తిపడతారు. ఆవిడ మాత్రం కొంగు బిగించి, తెర వెనక ఎవరు దొరుకుతారా అని వెతుక్కుంటూ తిరిగేది. దొరికిన మనిషి చెప్పుల దగ్గర మొదలుపెట్టి పెంపకం దాకా వెళ్ళేది. మూడో గంట మోగగానే తగువు సగంలో వదిలేసి, ముఖం మీదికి రాణిగారి చిరునవ్వు తెచ్చుకుని, దీపాల వెలుగులోకి నడిచి వెళ్ళిపోయేది. మిగిలిన సగం తగువుతో ఏం చెయ్యాలో తెలియక అవతలివాళ్ళు ఉడికిపోతూ ఉండేవాళ్ళు.

అలా ఉడికినవాళ్ళలో అందరికన్నా సీనియర్ని నేను.

మా నాటకం పేరు 'రైలు తప్పిన రాణి'. నిండా పాటలే. రాసింది మా బావ, డైరెక్టరు మా బావే. మా అక్కని పెళ్ళి చేసుకున్న పాపానికి నన్ను కూడా ట్రూపులోకి తీసుకుని కీబోర్డు ముందు కూర్చోబెట్టాడు. కథ సులువైనదే. మారువేషంలో ప్రయాణం చేస్తున్న రాణి ఒక చిన్న స్టేషన్లో కాళ్ళు సాగదీసుకుందామని దిగుతుంది, రైలు కదిలి వెళ్ళిపోతుంది. తరవాతి రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద కూలీతోనూ టికెట్ల గుమాస్తాతోనూ కాలక్షేపం చేస్తూ, మనుషులంటే ఏమిటో తెలుసుకుంటుంది. పాటలు నిజంగా బాగుండేవి. జనమే ఉండేవాళ్ళు కాదు. ముందు వరసలో హాలు ఆసామి బంధువులు, వెనక వరసలో ఎండకి తట్టుకోలేక ఏసీ కోసం వచ్చినవాళ్ళు, మధ్యలో కుర్చీలు.

రాణి వేషం అప్పట్లో ఒక చిన్న వయసు అమ్మాయి వేసేది. మంచి గొంతు, మంచి మనిషి. మేమంతా చిన్నరాణి అని పిలిచేవాళ్ళం. పాపం, ఒక సాయంత్రం ఆ పిల్ల అట్టతో చేసిన రైలుపెట్టె మెట్ల మీంచి జారిపడి మడమ విరగ్గొట్టుకుంది. అది నాటకంలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. మా నాటకానికి అప్పటిదాకా పడ్డ చప్పట్లలో అవే పెద్దవి.

మర్నాడు పొద్దున్నే హాలు ఆసామి వచ్చి బావ ఎదురుగా కూర్చున్నాడు.

"నెలాఖరు దాకా చూస్తానండీ. ఆ తరవాత సోఫాసెట్ల ఎగ్జిబిషన్ వాళ్ళకి ఇచ్చేస్తాను."

"కళ కన్నా సోఫాలు ఎక్కువా మీకు?" అన్నాడు బావ.

"సోఫాల మీద కనీసం ఎవరో ఒకరు కూర్చుంటారు," అని ఆయన ఖాళీ హాలు వైపు చూపించాడు.

బావ ఆ రోజంతా అన్నం ముట్టలేదు. సాయంత్రం మాత్రం ఉన్నట్టుండి లేచి చొక్కా తొడుక్కుని, "ఆవిడ ఉంది కదరా," అన్నాడు.

ఆవిడంటే ఎవరో నాకు వెంటనే అర్థమైంది. ఊళ్ళో నాటకాలు చూసేవాళ్ళందరికీ ఆవిడ తెలుసు. ఒకప్పుడు ఆవిడ పాట కోసం జనం నిలబడి నాటకం చూసేవాళ్ళు. ఒక రోజు నిండు హాల్లో, పాట పైకి వెళ్ళి నిలబడాల్సిన చోట గొంతు చీలింది. ఎవరో నవ్వారు, వాళ్ళని చూసి ఇంకొందరు నవ్వారు. మర్నాడు ఆవిడ రిహార్సలుకి రాలేదు. ఆ తరవాత మరి స్టేజి ఎక్కలేదు. ఏళ్ళ తరబడి డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతోంది. నాలుగు రోడ్ల కూడలిలో ఆవిడ గొంతు వినపడితే లారీలు కూడా పక్కకి జరుగుతాయని చెప్పుకునేవాళ్ళు.

మేం వెళ్ళేసరికి ఆవిడ స్కూలు ముందు కారు తుడుస్తోంది. బావ నమస్కారం పెట్టి నోరు తెరవబోయాడు. ఆవిడ కారు తలుపు తెరిచింది.

"ఎక్కండి. క్లాసు టైములో నిలబడి మాట్లాడను."

బావకి కారు నడపడం రాదు. ఆ సంగతి చెప్పే వ్యవధి కూడా ఇవ్వకుండా స్టీరింగు ముందు కూర్చోబెట్టింది. నేను వెనక సీట్లో కూర్చుని, పట్టుకోడానికి ఏం దొరుకుతుందా అని చూసుకున్నాను.

"క్లచ్ తొక్కండి. ఏమిటి పని?"

"మా నాటకంలో రాణి వేషం..."

"అది బ్రేకు. రాణి వేషం ఎవరికి?"

"మీకేనండీ."

"మెల్లిగా వదలండి. నేను మానేసి ఎంత కాలమైందో తెలుసా? అద్దంలోకి చూడమన్నాను, నా వైపు కాదు."

అలా మాట్లాడుకుంటూ కూడలి నట్టనడుమకి వచ్చాం. అక్కడ ఇంజను ఆగిపోయింది. ముందు బస్సు, వెనక బస్సు, నాలుగు వైపులా హారన్లు. బావ చేతులు స్టీరింగు మీద గడ్డకట్టుకుపోయాయి. నేను దేవుణ్ణి తలుచుకుంటున్నాను. అప్పుడు ఆవిడ తీరిగ్గా బావ వైపు తిరిగింది.

"ఈ చేతులతోనేనా మీరు నాటకాలు రాసేది?"

"నా చేతులకేమైందండీ?"

"ఏమీ కాలేదు. అదే బాధ. మీ కిందటి నాటకం చూశాను. రెండో అంకంలో మనిషన్నవాడు అలా మాట్లాడతాడా?"

బావ రాతని ఎవరైనా ఒక మాట అంటే ఆ రోజు మా అక్కని కూడా సరిగ్గా అన్నం తిననివ్వడు. ముఖం ఎర్రబడింది. "రెండో అంకం గురించి మీకేం తెలుసు," అంటూ తాళం తిప్పాడు. మొదటి అంకంలో ఏముందో రెండో అంకంలో ఏముందో వివరిస్తూ, అలా రెండు బస్సుల మధ్యలోంచి దూరి రోడ్డు అవతలకి వచ్చేశాడు. వచ్చాక గానీ కారు నడిపింది తనేనని ఆయనకి తెలియలేదు.

ఆవిడ వెనక్కి తిరిగి నన్ను అడిగింది.

"చివర్లో రైలు కోసం ఎదురుచూస్తూ రాణి పాడే పాట ఉంది కదా. ఎంత పైకి వెళ్తుంది?"

"చాలా పైకి వెళ్తుందక్కా. మీ కోసం కొంచెం కిందికి దించి వాయిస్తాను లెండి."

"దించావంటే రాను," అంది ఆవిడ.

రిహార్సళ్ళు మొదలైన రోజే నాకు ఆవిడ స్వరూపం తెలిసొచ్చింది. ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. వాయించడానికి ముందు నా చేతులు చల్లబడతాయి. అది రక్తం సరిగ్గా ఆడకపోవడం వల్ల. డాక్టరు అలా అనలేదు గానీ నాకు తెలుసు. నేను చేతులు రుద్దుకుంటూ ఉంటే ఆవిడ వచ్చి నా పక్కన నిలబడింది.

"ఏం తమ్ముడూ, నీ వేళ్ళకి ఇంకా తెల్లవారలేదా?"

"అదేం లేదక్కా."

"మీ ఆట చూసినప్పుడు విన్నాను నీ వాయింపు. పాట ఊరేగింపులా రావాలి. నువ్వు దాన్ని పరామర్శకి తీసుకొచ్చినట్టు తెస్తున్నావు."

మా అమ్మ కూడా నన్ను అంత మాట అనలేదు. ఆ కోపంలో నేను వాయించిన వాయింపుకి బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నన్ను మెచ్చుకుంటాడనుకున్నాను. "ఇన్నాళ్ళూ ఇది ఎక్కడ దాచావురా," అన్నాడు. రెండో అవమానం.

అయితే అందరం గమనించినది ఒకటుంది. ఆవిడ అన్ని పాటలూ హాయిగా పాడేది. చివరి పాటలో ఆ పై మెట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగి మంచినీళ్ళు అడిగేది. నీళ్ళు తాగి, "ఇది ఆ రోజు చూసుకుందాం," అనేది. కూలీ వేషం వేసే కుర్రాడు ఒకసారి నా చెవిలో, "ఆ రోజు కూడా దాహం వేస్తే ఏం చేస్తాం?" అని అడిగాడు. నా చేతులు చల్లబడ్డాయి.

ఆ రోజు రానే వచ్చింది. పాతకాలం నటి మళ్ళీ వేషం కడుతోందని తెలిసి జనం ఒక మోస్తరుగా వచ్చారు. అందులో సగంమంది పాట వినడానికి, సగంమంది గొంతు మళ్ళీ చీలుతుందేమో చూడటానికి. తెర వెనక కూలీ వేషగాడు పొద్దుటి నుంచీ బిక్కమొహం వేసుకుని తిరుగుతున్నాడు. అంత పెద్ద నటి పక్కన వెయ్యడం వాడికదే మొదలు. గోడకి ఆనుకుని, పెట్టె మోసే బదులు పెట్టెలో పడుకునేలా ఉన్నాడు. రాణి ముస్తాబులో తగువులక్క వాడి ముందుకొచ్చి ఆగింది.

"ఆ మీసం ఎవరిది?"

"నాదేనక్కా. అతికించింది."

"ఒక పక్క కూలీకి, ఒక పక్క పోలీసుకి సరిపోయేలా ఉంది. అద్దం ఉందా మీ ఇంట్లో?"

"నేను ఎప్పుడూ ఇలాగే పెట్టుకుంటానక్కా."

"అందుకే ఎప్పుడూ ఇలాగే ఉన్నావు."

వాడు గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. "నా వేషం జోలికి రాకండి, ముందే చెప్తున్నాను," అన్నాడు. మూడో గంట మోగింది. ఆవిడ చిరునవ్వు తగిలించుకుని వెళ్ళిపోయింది. వాడు ఆ వెనకే వెళ్ళి, రాణిగారి పెట్టె ఎత్తుకుంటూ మొదటి మాట అన్నాడు: "బరువు పెట్టెలో లేదమ్మా, పెట్టిన మనిషిలో ఉంది." ఆ మాట వాడు అంతకు ముందు ఎన్నో సార్లు అన్నాడు. అంత మనస్ఫూర్తిగా అనడం అదే మొదలు. హాలు గొల్లున నవ్వింది. టికెట్లు చింపే ఆయన కూడా తలుపు సందులోంచి తొంగి చూశాడు.

విరామంలో నా వంతు వచ్చింది.

"చివరి పాటలో నువ్వు నన్ను మోసే ప్రయత్నం చేస్తున్నావు తమ్ముడూ. నేను పడిపోతానని ముందే చేతులు చాపి కూర్చుంటే నాకు పడిపోవాలనే అనిపిస్తుంది. వాయిస్తే మనిషిలా వాయించు, లేకపోతే ఆ పెట్టె మూసెయ్."

"వాయిస్తాను. మీరు అందుకోగలరో లేదో మీరే చూసుకోండి," అన్నాను నేను. నా నోట్లోంచి ఆ మాట వచ్చిందంటే ఇప్పటికీ మా ఆవిడ నమ్మదు.

పాట మొదలైంది. నేను ఆవిడ వైపు చూడలేదు. నా కోపమంతా కీబోర్డు మీద పెట్టాను. పై మెట్టుకి ముందు మెట్టు వచ్చింది. ఆవిడ ఆగలేదు, నీళ్ళు అడగలేదు. గొంతు పైకి వెళ్ళింది. వెళ్ళిన చోట నిలబడింది. పాత గొంతులోని నునుపు అందులో లేదు. కొంచెం గరుగ్గా, కొంచెం ముదురుగా, కూడళ్ళలో అరిచి అరిచి గట్టిపడిన గొంతు. అయినా అది ఎటూ కదల్లేదు. చీలుతుందేమో చూద్దామని వచ్చినవాళ్ళు కూడా చేతులు నొప్పి పుట్టేలా కొట్టారు. పాట అయ్యాక ఆవిడ నా వైపు చూసి, "ఆఖర్న తొందరపడ్డావు," అని పెదవులు కదిపింది.

మర్నాటి నుంచీ జనం మొదలయ్యారు. హాలు ఆసామి బంధువులకి చోటు లేక మెట్ల మీద కూర్చున్నారు. సోఫాలవాళ్ళని ఇంకో చోటు చూసుకోమన్నారు. వాళ్ళు చూసుకుని, ఆ సాయంత్రమే నాటకానికి వచ్చారు.

నాటకం బతికింది గానీ మా బతుకే కష్టమైంది. రోజూ ఎవరికో ఒకరికి మూడేది. లైట్లాయన కొత్త మిషను మీద మొదటిసారి చెయ్యి పెట్టిన రోజున ఆయనతో. తన కూతురు మొదటి వరసలో కూర్చున్న రోజున టికెట్ల గుమాస్తా వేషం వేసే పెద్దాయనతో. మంత్రిగారొచ్చి చూస్తారన్న రోజున సాక్షాత్తూ హాలు ఆసామితో. ఎవరూ దొరకని రోజున నాతో. దొరికిన రోజున కూడా, చివర్లో చెయ్యి కడుక్కున్నట్టు, నాతో.

బావ ఆవిడని శాంతపరచాలని చాలా చూశాడు. గ్రీన్‌రూములో మెత్తటి కుర్చీ వేయించాడు. ఆవిడ అందులో కూర్చుని హాయిగా పోట్లాడింది. చివరికి మమ్మల్నందరినీ పిలిచి, "రోజుకొకళ్ళు ముందుకొచ్చి ఆవిడకి దొరికిపోండి. మిగతావాళ్ళైనా ప్రశాంతంగా ఉంటారు," అన్నాడు. మొదటి రోజుకి కూలీ వేషగాడు ఒప్పుకున్నాడు. ఇప్పుడు వాడికి ధైర్యం బాగా పెరిగింది. కావాలనే మీసం వంకరగా అతికించుకుని ఆవిడ దారిలో ఛాతీ విరిచి నిలబడ్డాడు. ఆవిడ వాడి భుజం తట్టి, "భోంచేశావా నాన్నా?" అని అడిగి ముందుకి వెళ్ళిపోయింది. వెళ్ళి, మూల కూర్చున్న కొత్త కోరస్ పిల్లని, ఒక్క మాటైనా మాట్లాడని పిల్లని పట్టుకుని, "జడ అలా వేసుకుని గొంతెత్తి పాడతావా?" అని మొదలుపెట్టింది. వాడు ఆ సాయంత్రమంతా చిన్నబుచ్చుకుని తిరిగాడు.

ఇంతలో చిన్నరాణి కాలు నయమైంది. వేషం ఎప్పటికీ నీదేనని ఆస్పత్రిలో ఆ పిల్లకి బావ మాటిచ్చాడు. ఇప్పుడు చూస్తే జనం అక్క కోసం వస్తున్నారు. హాలు ఆసామి ససేమిరా మార్చొద్దంటున్నాడు. అక్కకి ఈ మాట చెప్పడానికి బావ వారం రోజులు గొంతు సవరించుకున్నాడు. చెప్పాక, తుఫాను వస్తుందని మేమంతా తలుపు దగ్గరికి జరిగాం.

"మాటిచ్చారు కదా, ఇంక ఆలోచన దేనికి?" అంది అక్క. "ఆదివారం మధ్యాహ్నం ఆట ఆ పిల్లని వెయ్యనివ్వండి. నేను ముందు వరసలో కూర్చుని చూస్తాను."

ఆవిడ అంత నెమ్మదిగా మాట్లాడటంతో మాకు ఇంకా భయం వేసింది.

ఆదివారం హాలు నిండింది. రాణి మారిందని తెలిసి జనంలో గొణుగుడు. నాటకం మొదట్లోనే రాణి రైలుపెట్టె తలుపు తెరుచుకుని మెట్ల మీంచి దిగాలి. అవే మెట్లు. రెండో గంట కొట్టారు. చిన్నరాణి రాణిగారి శాలువా కప్పుకుని, తెర వెనక ఒక కాలు మెట్టు మీద పెట్టి, రెండో కాలు ఎత్తలేక అలాగే నిలబడిపోయింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. మేమంతా చుట్టూ మూగాం. "ఏం కాదమ్మా," అన్నాడు బావ. "ఏం కాదు, ఏం కాదు," అన్నాం మిగతావాళ్ళం. చెయ్యి పట్టుకున్నాం, వీపు నిమిరాం. మేం ఏం కాదన్న కొద్దీ ఆ పిల్ల మరీ తెల్లబడింది. "నా వల్ల కాదు. అక్కనే వెయ్యమనండి," అంది.

మూడో గంట ఎంతకీ మోగకపోయేసరికి, పక్క తలుపు ధడాలున తెరుచుకుని అక్క లోపలికొచ్చింది. ఇస్త్రీ చీర, చేతిలో పర్సు, అచ్చం ప్రేక్షకురాలి వేషం.

"ఆ శాలువా నాది. తీసెయ్," అంది చిన్నరాణితో.

మేమంతా బిగుసుకుపోయాం.

"మీది కాదు, నాటకానిది," అంది ఆ పిల్ల సన్నగా.

"ఇన్నాళ్ళూ కప్పుకున్నది నేను."

"మీకన్నా ముందు కప్పుకున్నది నేను. మెడ దగ్గర చిరిగితే కుట్టింది కూడా నేనే."

"అదీ సంగతి. ఎవరు కుట్టారా ఇంత ఛండాలంగా అని రోజూ అనుకుంటున్నాను."

చిన్నరాణి బుగ్గల మీదికి రంగు వచ్చింది. "నా కుట్టుకేమైంది?"

"కుట్టు సరే, నడక మాటేమిటి? నువ్వు వేసిన ఆటలు చూశాను. రాణిలా నడవమంటే పరీక్షకి ఆలస్యమైనదానిలా నడుస్తావు."

"ఆ నడకే కదా మీరు ఎత్తుకుపోయింది?"

"ఎత్తుకుపోయి బాగుచేశాను."

చిన్నరాణికి అక్కకన్నా ఎత్తులో నిలబడి మాట్లాడాల్సిన అవసరం వచ్చింది. టకటకా మెట్లన్నీ ఎక్కేసింది. పైనుంచి వేలు చూపించి, "చూడండి, అక్కడే నిలబడి చూడండి. రాణి అంటే ఎలా ఉంటుందో చూపిస్తాను," అంది. మూడో గంట మోగింది. తెర లేచింది. రైలుపెట్టె తలుపు తెరుచుకుని, రాజ్యమంతా తనదే అన్నట్టు ఆ పిల్ల దిగి వచ్చింది. హాల్లో గొణుగుడు ఆగిపోయింది.

నేను వాయిస్తూనే పక్కకి చూశాను. అక్క తెర చాటున నిలబడి ఉంది. ముఖంలో కోపం వెతికినా లేదు. పిల్ల దిగిన ప్రతి మెట్టుకీ ఆవిడ తల ఆడుతోంది.

విరామంలో వెళ్ళి అడిగాను. "కావాలనే చేశారా అక్కా?"

"మరి మీరంతా కలిసి ఆ పిల్లని చంపేస్తుంటే చూస్తూ ఊరుకోనా?" అంది. "ఆ రోజు నా గొంతు చీలిందే, అంతకు ముందు నాకు జలుబు చేసి కొంచెం బెదురుగా ఉండింది. ట్రూపులో ఎవరికీ నా మీద ఈగ వాలనిచ్చే ఉద్దేశం లేదు. ఒకరు చెయ్యి పట్టుకున్నారు, ఒకరు వీపు నిమిరారు. ఏం కాదమ్మా, ఏం కాదమ్మా. అంతమంది ఏం కాదంటున్నారంటే ఏదో అయ్యే తీరుతుందనిపించింది. అయింది. ఆ సాయంత్రం ఒక్కడు, ఒకే ఒక్కడు నన్ను నాలుగు తిట్టి ఉంటే, వాడి మీద కోపంతోనైనా పాడేదాన్ని. మనిషికి ఒకసారికి ఒకటే పడుతుంది తమ్ముడూ, భయమైనా, కోపమైనా. కారు నేర్పేటప్పుడు కనిపెట్టాను."

నాకు ఒక్కొక్కరూ కళ్ళ ముందు కనిపించారు. గోడకి ఆనుకున్న కూలీ వేషగాడు, కొత్త మిషను ముందు లైట్లాయన, కూతురు చూస్తోందని చెమటలు పట్టిన గుమాస్తా, మూల కూర్చున్న కోరస్ పిల్ల. అందరూ సరిగ్గా సరిపోయారు. ఒక్కటే మిగిలింది.

"మరి నాతో రోజూ ఎందుకక్కా? నాకు భయమేమీ లేదే. రక్తం సరిగ్గా ఆడదు, అంతే."

ఆవిడ నన్ను కాసేపు జాలిగా చూసింది.

"అవును నాన్నా, రక్తమే," అంది. "నేను దాన్నే ఆడిస్తున్నాను."

తరవాత అంతా సవ్యంగానే జరిగింది. ఇద్దరు రాణులూ వేషాన్ని పంచుకున్నారు. ఎవరి ఆట చూశారన్న దాని మీద ఊళ్ళో జనం రెండు పక్షాలుగా చీలి, పట్టుదలకి పోయి రెండోవాళ్ళ ఆట కూడా చూసి వచ్చారు. బావ కొత్త నాటకం రాశాడు. అచ్చంగా అక్క కోసమే, ఆవిడ వయసు మనిషే కథానాయిక, హాలు బయట అట్టబోర్డు మీద పెద్దక్షరాల్లో ఆవిడ పేరే. రెండో అంకం మటుకు ఆవిడకి చదివి వినిపించి, ఆవిడ అవునన్న తరవాతే రిహార్సలుకి తెచ్చాడు.

ఆ కొత్త నాటకం మొదటి ఆట రోజున నేను కీబోర్డు సర్దుకుంటున్నాను. కొత్త పాటలు, కొత్త జనం. అక్క ముస్తాబై అటుగా వచ్చింది. నేను సిద్ధంగా కూర్చున్నాను. ఆవిడ నవ్వి, "బాగా వాయించు తమ్ముడూ," అని నా తల నిమిరి ముందుకి నడిచింది.

అంత మంచి మాట అన్నదంటే నా పని అయిపోయినట్టే. "అక్కా," అని పిలిచాను.

ఆవిడ వెనక్కి తిరిగి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. రెండడుగులు దగ్గరికొచ్చింది.

"ఆ చొక్కా ఎవరు కొన్నారు?"

"మా ఆవిడ."

"పాపం, ఆవిడకి నీ మీద ఏమిటంత కోపం?"

పెళ్ళిరోజుకి కొన్న చొక్కా అది. నేను లేచి నిలబడి సమాధానం చెప్పేలోపు మూడో గంట మోగింది. ఆవిడ వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నేను వాయించిన వాయింపు గురించి తరవాత పేపర్లో కూడా రెండు వాక్యాలు రాశారు. మా ఆవిడ వాటిని కత్తిరించి దాచింది. చొక్కా సంగతి మాత్రం ఆవిడకి ఇంకా చెప్పలేదు.